ప్రాసెసరుకు ముగ్గురు శత్రువులు

పదో తరగతి ఫలితాలు వెలువడే రోజు మీకు తెలుసు గదా! ఒకే గంటలో లక్షలాది మంది తమ హాల్ టికెట్ నంబరు నొక్కి ఎదురుచూస్తారు. ఆ నంబరు ఎక్కడికి పోతుంది? ఎక్కడో ఒక చల్లని గదిలో, బీరువాలాంటి ఇనుప చట్రంలో, రాత్రింబవళ్లు ఆగకుండా పనిచేస్తున్న ఒక కంప్యూటరుకు పోతుంది. ఒకేసారి ఎంతోమంది అడిగినవాటికి జవాబు చెప్పే ఇలాంటి కంప్యూటరును సర్వరు అంటారు. రైలు టికెట్లు, బ్యాంకు లెక్కలు, ఆసుపత్రి రికార్డులు అన్నీ ఇలాంటి యంత్రాల మీదే నడుస్తున్నాయి.

సర్వరులో లెక్కలు చేసే భాగం ప్రాసెసరు. దాన్ని యంత్రంలో అమర్చడానికి పట్టేది పావుగంట. కాని ఆ పావుగంటలో చిన్న పొరపాటు జరిగితే లక్షల రూపాయల వస్తువు పాడైపోవచ్చు. ఇంకా చిక్కేమిటంటే, పాడైన సంగతి వెంటనే తెలియకపోవచ్చు. కొన్ని నెలల తర్వాత, సరిగ్గా అవసరమైన రోజున యంత్రం ఆగిపోవచ్చు.

అందుకే ప్రాసెసరును బిగించే పనివాడు కొన్ని నియమాలు పాటిస్తాడు. మణికట్టుకు పట్టీ కట్టుకుంటాడు. స్క్రూలను వరుస సంఖ్య ప్రకారమే తిప్పుతాడు. బూడిదరంగు పేస్టును కొలతగా పూస్తాడు. ఇవన్నీ చాదస్తంలా కనిపిస్తాయి. కాని ప్రతి నియమం వెనుకా కంటికి కనిపించని ఒక శత్రువు ఉంది. ఆ శత్రువులు మొత్తం ముగ్గురు. వాళ్లెవరో తెలుసుకుంటే నియమాలను బట్టీ పట్టనక్కరలేదు.

జెర్రి కాళ్ల నుంచి బంగారు చుక్కల వరకు

1971లో ఇంటెల్ కంపెనీ 4004 అనే ప్రాసెసరును విడుదల చేసింది. అందులో ట్రాన్సిస్టర్లు సుమారు 2300. బయటి ప్రపంచంతో మాట్లాడడానికి దానికి 16 కాళ్లుండేవి. 1978లో వచ్చిన 8086కు 40 కాళ్లు. రెండు పక్కలా కాళ్లతో అవి అచ్చం జెర్రుల్లా ఉండేవి.

ఇప్పటి సర్వరు ప్రాసెసరుకు ఆ కాళ్లు సరిపోవు. ఏ.ఎం.డి. కంపెనీ 2017లో మొదలుపెట్టిన ఎపిక్ అనే రకాన్నే తీసుకుందాం. 2019లో వచ్చిన దాని రెండో తరంలో 7742 అనే ప్రాసెసరు ఉంది. అందులో 64 కోర్లున్నాయి. అంటే ఒకే పెంకులో 64 మంది లెక్కలవాళ్లు కూర్చున్నారన్నమాట. దాని పొడవు ఏడున్నర సెంటీమీటర్లు, వెడల్పు సుమారు ఆరు సెంటీమీటర్లు. అడుగున కాళ్లు లేవు, బంగారు పూత పూసిన చదునైన చుక్కలున్నాయి. అవి ఎన్నో తెలుసా? 4094!

మదర్‌బోర్డు మీద ఈ ప్రాసెసరు కూర్చునే పీఠాన్ని సాకెట్టు అంటారు. ఎపిక్ కోసం తయారైన ఈ సాకెట్టు పేరు ఎస్.పి.3. అందులోనూ 4094 సన్నని లోహపు స్ప్రింగులు ఉంటాయి. పక్కపక్కనున్న స్ప్రింగుల మధ్య దూరం సుమారు ఒక మిల్లీమీటరు. ఒక్కొక్క స్ప్రింగు కొన ఒక్కొక్క చుక్కను తాకాలి. కొన్నిటి ద్వారా కరెంటు వస్తుంది, కొన్నిటి ద్వారా సమాచారం వస్తుంది. ఒక్కటి వంగినా ఆ దారి మూసుకుపోయినట్లే. వెంట్రుకలా సన్నగా ఉండే ఆ స్ప్రింగును సరిచేయడం దాదాపు అసాధ్యం. కాబట్టి సాకెట్టులోకి వేలు పెట్టకూడదు. దాని మీది ప్లాస్టిక్ మూతను ఆఖరు క్షణం వరకు తీయకూడదు.

ముందు మన ప్రాణం సంగతి

శత్రువుల సంగతికి ముందు మన రక్షణ చూసుకోవాలి. ఇంట్లో స్విచ్చి ఆపితే బల్బు ఆరిపోతుంది. కాని సర్వరు బొత్తాం నొక్కి ఆపినా అందులో కరెంటు పూర్తిగా పోదు. దూరం నుంచి యంత్రాన్ని మళ్లీ లేపడానికి వీలుగా ఒక చిన్న భాగం ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. పైగా సర్వర్లకు సాధారణంగా కరెంటు సరఫరా పెట్టెలు రెండుంటాయి. ఒకటి చెడిపోతే రెండోది ఆదుకుంటుంది. అందువల్ల ఒక్క తీగ పీకితే చాలదు, రెండూ పీకాలి. తర్వాత బొత్తాన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపలి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు చాలావరకు ఖర్చయిపోతుంది. మదర్‌బోర్డు మీది చిన్న దీపం ఆరిపోయిందాకా ఆగాలి. సరఫరా పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. దానిలోని కెపాసిటర్లు తీగ పీకాక కూడా ప్రమాదకరమే.

మొదటి శత్రువు: స్థిర విద్యుత్తు

చలికాలం రాత్రి పాలియెస్టరు చొక్కా విప్పుతుంటే చిటపటమని శబ్దం వస్తుంది. చీకట్లో చూస్తే చిన్న చిన్న మెరుపులు కూడా కనిపిస్తాయి. రెండు వస్తువులు రాసుకున్నప్పుడు ఒకదాని నుంచి ఎలక్ట్రాన్లు మరొకదానికి పోతాయి. రెండింటి మీదా విద్యుదావేశం నిలిచిపోతుంది. గాలిలో తేమ ఉంటే అది మెల్లగా జారిపోతుంది. గాలి పొడిగా ఉంటే పోయే దారి లేక పోగుపడుతుంది.

పొడిగా ఉన్న గదిలో తివాచీ మీద నాలుగడుగులు వేస్తే మన ఒంటి మీద కొన్ని వేల వోల్టుల పొటెన్షియల్ ఏర్పడవచ్చు. సుమారు 3000 వోల్టులు దాటితేగాని మనకు చురుక్కుమనదు. కాని చిప్పుల్లో వంద వోల్టుల లోపే దెబ్బతినే భాగాలున్నాయి. అంటే మనకు ఏమీ తెలియకుండానే మన వేలు చిప్పును చంపగలదు!

ఎందుకింత సున్నితం? ట్రాన్సిస్టరులో కరెంటును అదుపుచేసే ద్వారం ఒకటి ఉంటుంది. దాని కింద విద్యుత్తును పోనివ్వని ఒక పొర ఉంటుంది. నేటి చిప్పుల్లో ఆ పొర మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అంత పలచని పొర కొద్ది వోల్టులకే చిల్లిపడుతుంది. చిప్పు అంచుల్లో రక్షణ వలయాలు పెడతారు గాని, వాటి శక్తికీ ఓ హద్దుంది.

కొంచెం లెక్క వేద్దాం. పరీక్షశాలల్లో శాస్త్రజ్ఞులు మనిషిని 100 పైకోఫారడ్ల కెపాసిటరుగా, 1500 ఓమ్‌ల నిరోధంగా భావిస్తారు. ఒంటి మీద 5000 వోల్టులు ఉన్నప్పుడు లోహాన్ని ముట్టుకుంటే, ఓమ్ నియమం ప్రకారం 5000ను 1500తో భాగించాలి. మూడు ఆంపియర్లు దాటుతుంది! అది సెకనులో పదిలక్షల వంతు కూడా నిలవదు కాబట్టి మనకు చురుక్కుమని ఊరుకుంటుంది. చిప్పులోని పొరకు మాత్రం అది పిడుగుపాటే. కొన్నిసార్లు పొర పూర్తిగా చిల్లిపడదు, బలహీనపడుతుంది. అలాంటి చిప్పు ఈరోజు పనిచేస్తుంది, రేపూ పనిచేస్తుంది, తర్వాత ఓ రోజు హఠాత్తుగా ఆగిపోతుంది.

ఈ శత్రువుకు విరుగుడు మణికట్టు పట్టీ. పట్టీలోని లోహం చర్మానికి తగిలి ఉండాలి. దాని తీగ రెండో కొసను సర్వరు పెట్టెలో రంగు పూయని లోహానికి గాని, బల్లమీది ఎర్తు బిందువుకు గాని తగిలిస్తారు. రెండు గిన్నెలను గొట్టంతో కలిపితే నీళ్లు ఒకే మట్టానికి వస్తాయి గదా! అలాగే మనమూ యంత్రమూ ఒకే పొటెన్షియల్‌కు వస్తాం. తేడా లేనప్పుడు రవ్వ ఎగరదు.

ఆ తీగలో 10 లక్షల ఓమ్‌ల నిరోధం పెడతారు. ఎందుకు? పొరపాటున మన చెయ్యి 230 వోల్టుల తీగకు తగిలిందనుకోండి. 230ని 10 లక్షలతో భాగిస్తే ఒక మిల్లీ ఆంపియరులో నాలుగో వంతు కూడా రాదు. పట్టీ గుండా అంతకు మించి కరెంటు పోదు. మరి అంత నిరోధం ఉంటే ఆవేశం పోవడానికి ఎంతసేపు పడుతుంది? సెకనులో వెయ్యో వంతు చాలు. రెప్పపాటు కన్నా ఎంతో తక్కువ. మనిషినీ చిప్పునీ ఒకేసారి కాపాడే చక్కని ఉపాయం ఇది.

రెండో శత్రువు: ఎగుడుదిగుడు ఒత్తిడి

బడిలో రబ్బరు ముద్ర వేయడం చూసే ఉంటారు. ఒక పక్కే అదిమితే సగం అక్షరాలే పడతాయి. ప్రాసెసరు విషయంలోనూ అంతే. 4094 స్ప్రింగులూ ఒకే తీరుగా నొక్కుకోవాలి. ఒక్కో స్ప్రింగును అదమడానికి 20 గ్రాముల బరువు కావాలనుకోండి. మొత్తానికి ఎంత? దాదాపు 82 కిలోలు! అంటే ఒక పెద్దమనిషి దాని మీద నిలబడినంత బరువు. ఆ బరువు అరచేతిలో సగమంత చోటులో సమానంగా పడాలి. చేత్తో నొక్కితే అది సాధ్యం కాదు. అందుకే లోహపు చట్రాలు, స్క్రూలు ఏర్పాటు చేశారు.

ఎస్.పి.3 సాకెట్టుకు మూడు స్క్రూలుంటాయి. వాటి పక్కన 1, 2, 3 అని అంకెలుంటాయి. బిగించేటప్పుడు 1, 2, 3 వరుసలో బిగించాలి. విప్పేటప్పుడు 3, 2, 1 వరుసలో విప్పాలి. లారీ చక్రం మార్చేటప్పుడు మెకానిక్కు ఒక నట్టు బిగించి, పక్కదాన్ని వదిలి, ఎదుటి దాన్ని బిగించడం గమనించారా? కారణం ఒకటే. వరుస తప్పితే ఒక వైపు ముందే కూర్చుండిపోయి, రెండో వైపు లేచిపోతుంది.

ఎంత గట్టిగా బిగించాలి? దానికీ కొలత ఉంది. సుమారు ఒకటిన్నర న్యూటన్-మీటర్లు. అంటే స్క్రూకు 10 సెంటీమీటర్ల దూరంలో ఒకటిన్నర కిలో బరువు వేలాడదీస్తే ఎంత తిప్పుడు శక్తి వస్తుందో అంత. ఆ మేరకు రాగానే టక్కుమని జారిపోయే ప్రత్యేక స్క్రూడ్రైవరు దొరుకుతుంది. చేతి అంచనా కన్నా దాన్ని నమ్మడం మంచిది.

ఇక అమర్చే వరుస చూద్దాం. ముందు మూడు స్క్రూలు విప్పితే పై చట్రం స్ప్రింగు బలంతో పైకి లేస్తుంది. అది ఎగిరిపడకుండా వేలితో ఆపి పట్టుకోవాలి. దాని కింద రెండు పట్టాలున్న మరో చట్రం ఉంటుంది. దాన్నీ పైకెత్తాలి. ప్రాసెసరు ఒక ప్లాస్టిక్ చట్రంలో బిగించి వస్తుంది. ఆ చట్రం అంచులు పట్టుకోవాలిగాని బంగారు చుక్కలను ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటితే స్ప్రింగు సరిగా తాకదు. చట్రాన్ని పట్టాల మధ్య, సొరుగును తోసినట్లు, చివరిదాకా మెల్లగా జార్చాలి. ప్రాసెసరు ఒక మూలన బంగారు త్రిభుజం గుర్తు ఉంటుంది. అది సాకెట్టు మీది త్రిభుజంతో సరిపోవాలి. ఇప్పుడు సాకెట్టు మీది మూత తీయాలి. వెంటనే పట్టాల చట్రాన్ని దించాలి, ఆపైన పై చట్రాన్ని దించి స్క్రూలు బిగించాలి. ఎక్కడైనా అడ్డుపడితే బలం ఉపయోగించకూడదు. ఆగి, చూసి, మళ్లీ మొదలుపెట్టాలి.

రెండు ప్రాసెసర్లు పట్టే బోర్డులో ఒక్కటే పెడుతుంటే దాన్ని మొదటి సాకెట్టులోనే పెట్టాలి. రెండో సాకెట్టు మూతను అలాగే ఉంచాలి.

మూడో శత్రువు: గాలి

గాలి శత్రువా! అని ఆశ్చర్యపోకండి. 7742 ప్రాసెసరు పూర్తిగా పనిచేస్తున్నప్పుడు 225 వాట్ల వేడి పుట్టిస్తుంది. లోపలి సిలికాన్ ముక్కల వైశాల్యం అంతా కలిపి సుమారు 10 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు 22 వాట్ల పైమాటే. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లనుకుంటే, దానికి చదరపు సెంటీమీటరుకు 5 వాట్లే. ఇస్త్రీపెట్టె కన్నా నాలుగు రెట్లు!

ఈ వేడిని లాగేయడానికి ప్రాసెసరు మీద రాగి, అల్యూమినియం రేకులతో చేసిన హీట్‌సింకును కూర్చోబెడతారు. ఫ్యాన్లు ఆ రేకుల మధ్య నుంచి గాలిని తోస్తాయి. కాని ప్రాసెసరు పైభాగం, హీట్‌సింకు అడుగు కంటికి నున్నగా కనిపించినా నిజానికి నున్నగా ఉండవు. తడి కాలితో గచ్చు మీద నడిస్తే మడమ, వేళ్లు, ముందు భాగం అచ్చు పడతాయి. మధ్య ఒంపు పడదు. ఆ లోహాలు కూడా అలాగే ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే తాకుతాయి. పల్లాల్లో గాలి చిక్కుకుంటుంది.

గాలి వేడిని మోయడంలో పరమ సోమరి. రాగి ఉష్ణవాహకత సుమారు 400 అయితే గాలిది 0.026 మాత్రమే. రాగి 15,000 రెట్లు మెరుగు! రెండు లోహాల మధ్య అంతటా కాగితంలో సగం మందం, అంటే 0.05 మిల్లీమీటర్ల గాలి పొర ఉందనుకోండి. ప్రాసెసరు పైభాగం వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లుగా తీసుకుని లెక్క వేస్తే, 225 వాట్లు ఆ పొరను దాటడానికి రెండు వైపులా 100 డిగ్రీలకు పైగా తేడా కావాలి. అదే చోట వాహకత 5 ఉన్న పేస్టును నింపితే? తేడా అర డిగ్రీకి కాస్త ఎక్కువ, అంతే!

అందుకే థర్మల్ పేస్టు పూస్తారు. అయితే ఎక్కువ పూస్తే ఎక్కువ మేలు అనుకోకూడదు. పేస్టు గాలి కన్నా మెరుగేగాని రాగి ముందు చాలా వెనకబడినది. దాని పని పల్లాలను నింపడమే. పొర మందమైతే అదే అడ్డుగోడ అవుతుంది. కొన్ని హీట్‌సింకులకు పేస్టు ముందే పూసి వస్తుంది. వాటికి మళ్లీ పూయనక్కరలేదు. పాత పేస్టు ఉంటే నూగు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి తుడిచి, ఆరనిచ్చి, కొత్తది పూయాలి. హీట్‌సింకు స్క్రూలను ఎదురెదురు మూలల వరుసలో, ఒక్కోదాన్ని కొద్ది కొద్దిగా బిగించాలి. చివరగా గాలిని హీట్‌సింకు వైపు మళ్లించే ప్లాస్టిక్ గూడును తప్పక తిరిగి పెట్టాలి. అది లేకపోతే గాలి పక్కదారి పడుతుంది.

హీట్‌సింకు సరిగా కూర్చోకపోతే ప్రాసెసరు వెంటనే కాలిపోతుందా? సాధారణంగా కాలిపోదు. దానిలో వేడిని కొలిచే సాధనాలున్నాయి. వేడి మితిమీరితే అది వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే యంత్రాన్నే ఆపేస్తుంది. ఫలితాల రోజున పేజీ నత్తనడక నడవడానికి ఇలాంటిదీ ఒక కారణం కావచ్చు.

యంత్రం లేచిన తర్వాత

మూత వేసి, రెండు తీగలూ తగిలించి, బొత్తాం నొక్కారు. తెరమీద ఏమీ రాలేదు. కంగారు పడకూడదు. మెమొరీని పరీక్షించుకోవడానికి సర్వరుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఎంతసేపటికీ లేవకపోతే మదర్‌బోర్డులోని ప్రారంభ ప్రోగ్రాము, అంటే బయాస్, పాతది కావచ్చు. మొదటి తరం నాటి బయాస్ రెండో తరం ప్రాసెసరును గుర్తుపట్టదు. ఈ సంగతి బిగించడానికి ముందే చూసుకోవాలి.

లేచాక మెమొరీ మొత్తం కనిపిస్తోందా అని లెక్క చూడాలి. ఈ ప్రాసెసరుకు మెమొరీ దారులు ఎనిమిది. ఒక్కో దారిలో 32 గిగాబైట్ల పట్టీ పెడితే మొత్తం 256 రావాలి. 224 మాత్రమే కనిపిస్తే ఒక దారి మూసుకుపోయిందన్నమాట. పట్టీ సరిగా కూర్చుని, మంచిదే అయితే, రెండో శత్రువును అనుమానించాలి. కరెంటు తీసేసి, ప్రాసెసరు స్క్రూలు విప్పి, వరుస ప్రకారం మళ్లీ బిగిస్తే చాలాసార్లు ఆ దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాత యంత్రానికి ఎక్కువ పని పెట్టి ఉష్ణోగ్రత గమనిస్తే మూడో శత్రువు గుట్టు బయటపడుతుంది. ఇలా ఇద్దరి జాడ పరీక్షల్లో దొరుకుతుంది. మొదటి శత్రువు జాడ మాత్రం తేలిగ్గా దొరకదు. అందుకే పట్టీ కట్టుకోవడం అన్నిటికన్నా ముందు.

చేసి చూడండి

1. పొడి వెంట్రుకలను ప్లాస్టిక్ దువ్వెనతో పదిసార్లు దువ్వండి. కుళాయి నుంచి దారంలా సన్నగా పడుతున్న నీటి ధార దగ్గరికి దువ్వెనను తీసుకురండి, నీటికి తగలనివ్వకండి. ధార ఎటు వంగింది? దువ్వెనను తడి చేత్తో తుడిచి మళ్లీ చేయండి. ఏం తేడా కనిపించింది?

2. రబ్బరు ముద్రను ఒకసారి ఎడమ అంచు అదిమి, ఒకసారి కుడి అంచు అదిమి, ఒకసారి సమానంగా అదిమి కాగితం మీద వేయండి. మూడింటినీ పోల్చి చూడండి. మీ ముద్రలో అక్షరాలు పదో ఇరవయ్యో. వాటికి బదులు 4094 ఉంటే ఎంత జాగ్రత్త కావాలో ఊహించండి.

మీ బడి కంప్యూటరు గదిలో ఎప్పుడైనా పెట్టె విప్పుతుంటే, ఉపాధ్యాయుని అనుమతితో దగ్గర నిలబడి గమనించండి. పనిచేసేవారు మణికట్టుకు పట్టీ కట్టుకున్నారా? స్క్రూలు ఏ వరుసలో తిప్పుతున్నారు? పేస్టు ఎంత పూశారు? ఒక్కో పనికీ కారణం ఇప్పుడు మీరే చెప్పగలరు.